మూడు

కన్ను రోడ్డు మీద పెట్టకూడదు నేను.
అది నా పని కాదు.
నా పని ఒళ్లో పుస్తకం,
పుస్తకంలో రోడ్డు.
ఆర్వో చేతులు పట్టుకున్న మలుపుకంటే
రెండు మలుపులు ముందుంటుంది నా నోరు.

మా లెక్కలో ఒకటంటే జడపిన్ను వంపు,
తొమ్మిదంటే దాదాపు తిన్నన.
"కుడి ఏడు, నూరు గజాలు, మిట్ట, ఎడమ ఐదు..."
కంగస్నియెమి అడవిలో ఆగస్టు ఉదయం, కంకర దారి.
ప్రతి మిట్ట మీదా కారు నేలని వదిలేస్తుంది.
గాల్లో ఉన్నంతసేపూ
ఇంజను ఒక్కటే కేక,
కడుపు ఒక్కటే మౌనం.

పేజీ తిప్పాను. పంతొమ్మిది.
"మిట్ట. వెనకే ఎడమ..."
ఎనిమిది.

ఎనిమిదంటే బ్రేకు జోలికి పోనక్కర్లేదు.
ఎనిమిదంటే ఆర్వో నవ్వుతాడు.

పుస్తకమంతా మొద్దుబారిన నల్ల పెన్సిలు.
ఆ ఒక్క అంకె ఎర్రన.

గుర్తు తెచ్చుకోడానికి నాకు దొరికింది
ఒక మిట్ట ఎక్కేంత వ్యవధి.
పదిరోజుల కిందట దారి రాసుకోడానికి వచ్చినప్పుడు
ఇక్కడే టైరు పేలింది.
పాల క్యాన్లు పెట్టే చెక్క అరుగు పక్కన ఆగాం.
ఒక ముసలామె గ్లాసుడు బ్లూబెర్రీలిచ్చింది,
డబ్బులిస్తే కోప్పడింది.
నా పెన్సిలు ములుకు విరిగింది.
వెనక జీపులోంచి దిగి తౌనో
చెవి మీది వడ్రంగి పెన్సిలు తీసిచ్చాడు,
బల్లపరుపుది, ఎర్రది.
దానితో రాశాను మూడు.
"గోడ మీద రాస్తున్నావా?" అని వెక్కిరించాడు కూడా,
అంత పెద్దగా రాశానని.
ఆ మలుపు అవతల దారి లేదు.
రాయి ఉంది. రాయి అవతల సరస్సు.

మూడుకి ఎడమపక్క రెండు చిన్న వంపులు కలిపితే
ఎనిమిది.
బడికెళ్ళని పిల్లాడికైనా చేతనవును.
నిన్న రాత్రి పుస్తకం
పనిముట్ల డబ్బా మీద మరిచిపోయాను.

రాసిందే చదవాలి. అదీ ఒప్పందం.
రాసింది మాని తోచింది చదివే మనిషి పక్కన
ఎవరూ ప్రాణం పెట్టుకుని కూర్చోరు.
రాత తప్పదంటారు.
ఎవరి చేతిరాతో అడగరు.
రాసింది చదివితే మాకు మూడినట్టే.

"మూడు!" అన్నాను.
"ఎడమ మూడు! మూడు! మూడు!"
ఏ మాటా రెండోసారి చెప్పే అలవాటు లేదు నాకు.
అందుకే విన్నాడు.

కారు అడ్డం తిరిగింది. కంకర అంతా ఒక్కసారి లేచింది.
వెనక దీపాన్ని రాయి తీసుకుని
మిగతాది మాకు వదిలింది.
పక్క అద్దంలో ఒక్క క్షణం సరస్సు,
ఒక్క అల లేదు,
చుట్టాలొస్తారని ఊడ్చి పెట్టుకున్న వాకిలిలా.

ఆర్వో ఏమీ అడగలేదు.
"తర్వాత?" అన్నాడు.
తర్వాత కుడి ఆరు.
చదివాను. గొంతు నాదిలా లేదు,
అంకె మాత్రం నాదే, నల్లనిది.

ఆఖరి జెండా దాటేసరికి తుంపర మొదలైంది.
కాఫీ ఫ్లాస్కులు, ఎవరి భుజాల మీదో నిద్రపోతున్న పాప,
తడి ముద్ర తడి కార్డు మీద వేసి
ఊదుతున్న కుర్రాడు.
జాకీ పక్కన తౌనో.
కొత్త బూట్లు.
కిందటి వారం చూసి ఎక్కడివని అడిగితే
"మనుషులన్నాక బూట్లు కొనుక్కోరా" అన్నాడు.
నాకంటే ముందు ఈ సీటు అతనిది.
ఒకటి నించి తొమ్మిది దాకా ఈ లెక్క కట్టిందీ అతనే.

తుంపరలో అందరి టోపీలూ తలల మీదున్నాయి.
అతని టోపీ
అప్పటికే చేతిలో ఉంది.

తర్వాతి దశకి నలభై నిమిషాలు.
ఆర్వో ఇంజను ఆపలేదు.
నేను అద్దం దించి చెయ్యి చాచాను.
"నా పెన్సిలు విరిగింది తౌనో, నీదివ్వు."

చెయ్యి చెవి మీదికి వెళ్ళింది, అలవాటుగా.
అక్కడ కాసేపు ఆగింది.
ఇచ్చాడు.

కొత్తగా చెక్కి ఉంది ములుకు.